పెళ్లిచూపుల కోసం కంటికోత

వైద్యం పేరుతో స్త్రీల శరీరాల మీద సాగే పెత్తనాన్ని మన ఉద్యమాలు నిలదీసిన ప్రతిసారీ ఆ ప్రశ్న గర్భసంచి చుట్టూనే తిరిగింది. అందుకు కారణాలున్నాయి. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్‌ను ప్రయోగాత్మకంగా ఇవ్వబోయినప్పుడు స్త్రీశక్తి సంఘటన వాళ్లు, ఈ సూది ఏమిటో, దీనివల్ల ఏమవుతుందో ఈ ఆడవాళ్లకు చెప్పారా అని అడిగారు. ఆ మరుసటేడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి మహిళా ఆరోగ్య సంఘాల పట్టుదల వల్లే పదిమందికీ తెలిసింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అవసరం లేకుండా గర్భసంచులు తీసేసే ఆపరేషన్ల మీద ఇవాళ్టికీ పోరాడుతూనే ఉన్నాం. వీటన్నిటిలోనూ మనం అడిగింది రెండే ప్రశ్నలు. ఆమెకు ఏం చెప్పారు? ఒప్పుకున్నది ఎవరు?

ఆ రెండు ప్రశ్నలూ కంటి దగ్గర ఎందుకు అడగం?

కన్ను అనగానే మన సంఘాలకు గుర్తొచ్చేది ఉచిత శిబిరం, శుక్లాల ఆపరేషన్, నల్లద్దాలు పెట్టుకుని వరసగా కూర్చున్న ముసలమ్మల ఫోటో. కన్ను సేవకు సంబంధించిన విషయం, హక్కుకు సంబంధించింది కాదు అన్నది మన అందరిలో ఎక్కడో స్థిరపడిపోయిన అభిప్రాయం. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో బీడీ కార్మికుల ఇళ్లలో, గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల ఆరోగ్యం మీద పనిచేస్తూ నేను చూసింది ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోనివ్వడం లేదు.

కామారెడ్డి పట్టణంలో బీడీలు చుట్టే ఒకామె. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు. కూతురు డిగ్రీ చివరి ఏడు. ఆ పిల్లకు ఆరో తరగతి నుంచీ అద్దాలు. ఇప్పుడు మైనస్ నాలుగున్నర. తల్లి అంటుంది: “పిల్ల మంచిగ సదివింది మేడం. రంగు గూడ మంచిదే. గీ అద్దాలతోనే వచ్చింది తిప్పలు. వచ్చినోళ్లు చాయ్ తాగి లేచిపోతున్రు.” ఒక సంబంధం వాళ్లు అద్దాలకు విడిగా లెక్కగట్టి కట్నం మీద ఇంకో లక్షన్నర అడిగారట. దానికంటే హైదరాబాదులో ఆపరేషన్ చేయిస్తే నయమని మస్కట్‌లో ఉన్న తండ్రి ఫోన్లోనే తేల్చేశాడు. వచ్చిన పిల్లగాడికి అద్దాలు లేవా అని అడిగాను. ఉన్నాయట. “మొగపిల్లగాడు గదా” అంది, ఇందులో అడిగేదేముందన్నట్టు. ఇక ఆ అమ్మాయిని విడిగా అడిగితే, “అమ్మవాళ్లకు రంది తీరుతది” అంది. కన్ను ఆమెది, రంది వాళ్లది.

ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను. పెళ్లిచూపులు అన్న మాటలో చూసేదెవరో, చూపించబడేదెవరో మనం ఎప్పుడో రాసుకున్నాం, తిట్టుకున్నాం, నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు ఆ చూపులకు తగ్గట్టుగా పిల్ల చూసే అవయవాన్నే చెక్కుతున్నారు. పంటి ఎత్తు, ఒంటి రంగు, నడుము కొలత తర్వాత పెళ్లి సంత కంటి దాకా వచ్చింది. చర్మానికి క్రీము రాస్తే మొహం మాడుతుంది. కంటి సంగతి అది కాదు.

ఏం చేస్తారో ముందు తెలుసుకోవాలి. నల్లగుడ్డు ముందు గడియారానికి అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు. నొప్పి తెలిసే నరాలు మాత్రం ఒంట్లో మరెక్కడా లేనంత దట్టంగా ఉంటాయి. దూరపుచూపు ఆనని వాళ్లకు ఈ పొర వంపును తగ్గిస్తే వెలుగు సరిగ్గా కంటి తెర మీద పడుతుంది, అద్దాల అవసరం పోతుంది. 1990లో గ్రీసు వైద్యుడు పల్లికారిస్ రూపం ఇచ్చిన లాసిక్‌లో కార్నియా పైపొరను ఒక రేకులాగా కోసి, పక్కకు మడిచి, లోపలి భాగాన్ని లేజర్‌తో చెక్కి, మళ్లీ ఆ రేకును మూస్తారు. కుట్లుండవు. నిమిషాల్లో అయిపోతుంది. పీఆర్‌కేలో రేకు కోయరు, పైన ఉన్న పల్చటి పొరను గీకి చెక్కుతారు. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. స్మైల్ అనే పద్ధతిలో లోపలే ఒక చిన్న బిళ్లను లేజర్‌తో కోసి సన్నటి గాటులోంచి లాగేస్తారు. “బ్లేడు లేని ఆపరేషన్” అని ప్రకటనలు వస్తాయి. బ్లేడు లేకపోతే కోత లేదని కాదు. ఆ కోత లేజర్ కోస్తుంది.

ఈ ఆపరేషన్ మోసమని నేను అనడం లేదు. తగిన కన్నుకు, తగిన వయసులో, తగిన పరీక్షలు చేసి చేస్తే ఎక్కువమందికి బాగానే ఉంటుంది. అద్దాలు తీసేసి పొద్దున్నే గోడ గడియారం చూసుకుని ఏడ్చినంత సంతోషపడ్డవాళ్లు నాకు తెలుసు. నా తగాదా ఆ మిగిలిన వాళ్ల గురించి. వాళ్లెందరో, వాళ్లకేమయిందో ముందుగా ఎవరికీ చెప్పకపోవడం గురించి.

అమెరికాలో మందులను, పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ 1990ల్లో ఈ లేజర్లకు అనుమతులిచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ల ఫిర్యాదులు పెరగడంతో 2008 ఏప్రిల్‌లో బహిరంగ విచారణ పెట్టింది. ఆ తర్వాత రక్షణశాఖతోనూ కంటి పరిశోధన సంస్థతోనూ కలిసి చేసిన అధ్యయనాల ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. అంతకుముందు చూపులో ఏ ఇబ్బందీ లేనివాళ్లలో మూడు నెలల తర్వాత 40 శాతానికి పైగా మంది ఏదో ఒక కొత్త ఇబ్బంది చెప్పారు. దీపాల చుట్టూ వలయాలు, వెలుగు చీలికలు, ఒకటి రెండుగా కనబడటం, కళ్లు చెదరడం. కన్ను పొడిబారే లక్షణాలు అంతకుముందు లేనివాళ్లలో 28 శాతం మందికి కొత్తగా వచ్చాయి. రోజువారీ పనికి బాగా అడ్డుపడిందన్నవాళ్లు ఒక శాతం లోపే. చూపు మీద అసంతృప్తి నాలుగు శాతానికి మించలేదు. ఈ చివరి రెండు అంకెలనూ నేను దాచడం లేదు, ఎందుకంటే వాటిని ఆసుపత్రులు ఎలాగూ చెబుతాయి. చెప్పనివి మొదటి రెండూ.

ఆ అధ్యయనంలో నన్ను ఆపిన మాట మరొకటుంది. ఇబ్బందుల్ని డాక్టరుకు ఎదురుగా చెప్పినవాళ్ల కంటే ప్రశ్నాపత్రంలో రాసినవాళ్లు రెట్టింపుకు పైగా ఉన్నారు. చదువుకున్న, ఇంగ్లీషు మాట్లాడే అమెరికన్లే డాక్టరు మొహం చూసి సగం మింగేశారన్న మాట. మన పిల్ల సంగతి ఏమిటి? కట్నం డబ్బుతో చేయించిన ఆపరేషన్ తర్వాత కన్ను మండుతోందని ఆమె ఎవరికి చెప్పాలి? తండ్రికా? అద్దాలు లేని పిల్ల అని చేసుకున్న అత్తగారికా? ఒకమ్మాయి పెళ్లయిన ఏడాది దాకా కంటిచుక్కల సీసాను చీరల అడుగున దాచుకుని, రాత్రి దీపం ఆర్పాక వేసుకునేదట. అసలు అద్దాలుండేవని అత్తింట్లో చెప్పలేదు. చెప్పకూడదని తల్లి ఒట్టు వేయించుకుంది.

ఎవరికి చేయకూడదో పాఠ్యపుస్తకాల్లో స్పష్టంగానే ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లకు, గత ఏడాదిగా అద్దాల నంబరు మారుతున్నవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కార్నియా పల్చగా ఉన్నవాళ్లకు, అది ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బు ఛాయలున్నవాళ్లకు, కీళ్లవాతం, లూపస్, జోగ్రెన్స్ వంటి జబ్బులున్నవాళ్లకు. ఈ చివరి జబ్బులు మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే చాలా ఎక్కువ. కన్ను పొడిబారడమూ అంతే. కార్నియాను కోసినప్పుడు దాని నరాలు తెగుతాయి. కన్నీరు ఊరమని మెదడుకు కబురంపేవి ఆ నరాలే. అవి తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది, కొందరిలో సరిగా పెరగవు, కొద్దిమందిలో నొప్పి మాత్రమే మిగులుతుంది. ఇంట్లో పొద్దస్తమానం తంబాకు ధూళిలో ఉండే పిల్ల కన్ను ఆపరేషన్‌కు ముందే మండుతూ ఉంటుంది. ఆమెను ఆ సంగతి అడిగారా? నాకు తెలిసిన ఇళ్లలో ఎవరినీ అడగలేదు. అమ్మ ఏం పని చేస్తుందన్నది కంటి డాక్టరు అడగాల్సిన ప్రశ్న అని వాళ్లకు తోచి ఉండదు.

ఇక పెళ్లి ముహూర్తానికి ఆపరేషన్ తేదీని ముడిపెట్టడం. నంబరు నిలకడగా ఉందో లేదో ఏడాది చూడాలి. సంబంధం వాళ్లు ఏడాది ఆగరు. పెళ్లయిన ఏడాదిలోపు గర్భం రావాలి. గర్భంలో హార్మోన్ల మార్పుతో కార్నియా వంపు, నంబరు మారతాయి. లాసిక్ అయినవాళ్లలో గర్భ సమయంలో కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. దీన్ని ఎక్టేషియా అంటారు. అరుదు, కానీ వస్తే మళ్లీ అద్దాలతో పోదు. గట్టి కాంటాక్టు లెన్సులు, క్రాస్‌లింకింగ్, అదీ కుదరకపోతే కార్నియా మార్పిడి. ఆపరేషన్ తర్వాత కొన్నేళ్లకు కూడా ఇది బయటపడవచ్చు.

ఇంకో సంగతి చెబితే డాక్టర్లకు కోపం వస్తుంది, అయినా చెబుతాను. లాసిక్‌లో కోసిన రేకు పూర్వపు బలంతో ఎన్నటికీ అతుక్కోదు. గట్టి దెబ్బ తగిలితే కొన్నేళ్ల తర్వాత కూడా అది జరిగిపోయిన ఉదాహరణలున్నాయి. అందుకే కుస్తీ, బాక్సింగ్ ఆడేవాళ్లకు రేకు లేని పద్ధతి మంచిదని సలహా ఇస్తారు. అంటే మొహం మీద దెబ్బలు తగిలే అవకాశం ఉందా అని ఆటగాడిని అడుగుతారు. పెళ్లికూతురిని అడగరు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో మూడో వంతుకు పైగా భర్త హింసను అనుభవించినవాళ్లు. బాక్సర్ కంటే ఆమెకు ఆ సలహా ఎక్కువ అవసరం.

“అవన్నీ పాతకాలం భయాలు, ఇప్పుడు మెషీన్లు మారాయి” అంటారు. ఈ మాటకు చాలా చరిత్ర ఉంది. జపాన్‌లో 1940లు, 50ల్లో డాక్టర్ సాటో కార్నియా లోపలి వైపు గాట్లు పెట్టి చూపు సరిచేశాడు. అప్పటికి బాగానే ఉంది. ఆ లోపలి పొర కణాలు మళ్లీ పుట్టవన్నది అప్పటికి తెలియదు. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి ఆ కళ్లలో ఎక్కువ భాగం నీరుపట్టి మసకబారాయి. తర్వాత రష్యాలో ఫ్యోదొరోవ్ పైనుంచి గాట్లు పెట్టే రేడియల్ కెరటాటమీని ప్రచారంలోకి తెచ్చాడు, 1980ల్లో అది లోకమంతా పాకింది. అమెరికాలో పదేళ్లు వెంబడించి 1994లో ఫలితాలు ప్రకటిస్తే, 43 శాతం కళ్లు ఒక డయాప్టర్ అంతో అంతకంటే ఎక్కువో రెండో వైపుకు, దగ్గరిది ఆనని వైపుకు, జరిగిపోయి ఉన్నాయి. సాటో మోసగాడు కాదు, ఫ్యోదొరోవ్ మోసగాడు కాదు. ఆరోగ్యంగా ఉన్న కణజాలాన్ని కోసినప్పుడు ఇరవయ్యేళ్ల తర్వాత ఏమవుతుందో ఇరవయ్యేళ్ల తర్వాతే తెలుస్తుంది. లాసిక్ ఆ రెండిటికంటే మెరుగైన పద్ధతే. అయినా ఇరవయ్యేళ్ల పిల్లకు ఇంకో యాభై ఏళ్లు ఆ కంటితో పని ఉంది.

ఆ పనేమిటో కూడా చూడాలి. మైనస్ రెండు, మూడు నంబరున్న ఆడమనిషి నలభై అయిదు దాటాక అద్దాలు తీసేస్తే దగ్గరి పని తేటగా చేసుకోగలదు. సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్లు ఏరడం, బీడీ అంచు మడవడం. ఆపరేషన్ చేయించుకుంటే ఆ వెసులుబాటు పోతుంది, ఆ వయసుకు దగ్గరి పనికి అద్దాలు పెట్టుకోవాల్సిందే. అద్దాలు శాశ్వతంగా పోతాయన్న ప్రకటనలో ఈ లెక్క ఉండదు.

మరి ఆమె సంతకం పెట్టింది కదా అంటారా? ఆ కాగితాలు నేను కొన్ని చదివాను. ఇంగ్లీషులో మూడు పేజీలు, చివర సాక్షి సంతకానికి గీత. డిగ్రీ చదివిన పిల్ల కూడా చదవలేదు, ఎందుకంటే ఆపరేషన్ థియేటర్ బట్టలు తొడిగాక ఇచ్చారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ కంఠతా రావాలి. మత్తులో ఉన్న ఒక స్త్రీకి గర్భసంచి తొలగించడానికి ఆమె తల్లి చేత ఒప్పించుకుంటే అది చెల్లదని, మేజరైన స్త్రీ తరఫున ఆమె తప్ప ఎవరూ ఒప్పుకోలేరని, చికిత్స స్వభావం, ప్రయోజనం, ఇతర మార్గాలు, ప్రధానమైన ప్రమాదాలు, చేయించుకోకపోతే ఏమవుతుందో చెప్పాకే అది సమ్మతి అవుతుందని కోర్టు అంది. చేయించుకోకపోతే ఏమవుతుంది? లాసిక్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు అద్దాలు పెట్టుకుంటుంది, అంతే. ఈ జవాబు సమ్మతి పత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

కానీ డాక్టర్ల నీతినియమావళి చూడండి. 2002 నాటి ఆ నిబంధనలే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆపరేషన్‌కు ముందు రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాల్సిన వాళ్ల వరుసలో అందులో మొదట వచ్చేది భర్త లేదా భార్య, తర్వాత మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, చివరికి రోగి. కోర్టు ఒకటి అంటుంది, నియమావళి ఇంకొక వరుస రాస్తుంది. ఆసుపత్రి కౌంటరు దగ్గర నడిచేది ఆ రెండోదే. “ఎవరు తీసుకొచ్చారమ్మా? నాన్నను పిలువు.”

ఇక్కడ నా సొంత శిబిరంలోని వాళ్లతోనే తగాదా ఉంది. హైదరాబాదులో ఒక సమావేశంలో ఈ మాటలు చెబితే, అది ఆమె శరీరం, ఆమె ఎంపిక, మనమెవరం కాదనడానికి అన్నారు ఒక యువ మిత్రురాలు. ఎంపిక అన్న మాటను మనమే తెచ్చాం. అది గర్భస్రావ హక్కు కోసం, పెళ్లి వద్దనే హక్కు కోసం తెచ్చుకున్న మాట. లక్షన్నర అదనపు కట్నం ఒకవైపు, లేజర్ ఒకవైపు పెట్టి ఏదో ఒకటి తేల్చుకోమంటే దాన్ని ఎంపిక అని పిలిచే బాధ్యత మనకెందుకు? ఆపరేషన్ చేయించుకున్న ఏ అమ్మాయినీ నేను తప్పుపట్టను. ఆమె తన ఇంటి లెక్కలో తెలివైన పనే చేసింది. ఆ లెక్కను సహజమైనదిగా చూపించే ప్రకటనను, ఆ ప్రకటన ముందు నోరు మూసుకున్న మనల్ని తప్పుపడతాను. సర్కారు సంగతి కూడా ఉంది. పోలీసు నోటిఫికేషన్లు దూరపుచూపు 6/6 ఉండాలంటాయి. ఎల్లారెడ్డి వైపు కానిస్టేబుల్ పరీక్షకు పొద్దున్నే పరుగు పెట్టే ఆడపిల్లల్లో ఆపరేషన్ ఎంతకవుతుందని నన్ను అడిగినవాళ్లున్నారు. వాళ్లది పెళ్లి కోసం కాదు, ఉద్యోగం కోసం. ఆ ఆశను నేను గౌరవిస్తాను. అందుకే వాళ్లకు ఇంకా కచ్చితంగా చెప్పాలి.

ఇంకో మిత్రురాలు రెండో వైపు నుంచి వచ్చారు. ఇది డబ్బున్నవాళ్ల గొడవ, పల్లెల్లో కంటిచుక్కల మందుకే దిక్కులేదు, దీని మీద పేజీలెందుకు అని. కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సెక్కితే ఆ మాట సగం నిజమని తెలుస్తుంది. సగమే.

నిజాంసాగర్, పోచారం నీళ్ల కింద వరి. మిగతా చోట్ల మక్కజొన్న. కలుపు తీసేటప్పుడు మక్క ఆకు కంటిని గీస్తుంది. వడ్లు ఎత్తిపోసేటప్పుడు పొట్టు పడుతుంది. నలభై దాటిన ఒక కూలీ మనిషి ఎడమ కంట్లో ఇప్పుడు పువ్వు ఉంది. ఆకు గీసిన రోజు పక్కింటామె నాలుకతో నలుసు తీయబోయింది. మర్నాడు బాలింత పాలు పోశారు. మూడో రోజు ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కలు వేసుకుంది, ఎరుపు తగ్గింది, పనికి పోయింది. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. ఎరుపును అణచి లోపల బూజును పెంచేది అదే. “కలుపు ఒడిసినంక పోదామనుకున్న మేడం, రోజు కూలి పోతది గదా.” పెద్ద కంటి ఆసుపత్రికి చేరేసరికి పద్దెనిమిది రోజులు. బూజు పుండుకు గంటగంటకూ చుక్కలు, వారాల తరబడి. ఎవరు వేస్తారు, ఎవరు ఉంటారు దగ్గర? కన్ను మిగిలింది, చూపు పోయింది.

ఈమె పోగొట్టుకున్నదీ కార్నియానే. లక్షన్నర లెక్కలో లేజర్ కింద పెట్టిందీ కార్నియానే. ఒకే పొర. ఒకచోట చెడకుండానే కోస్తారు, ఒకచోట చెడినా చూడరు. రెండు చోట్లా ఆ కంటిని ఎప్పుడు, ఎవరికి, ఎంత ఖర్చుతో చూపించాలో నిర్ణయించింది కన్నున్న మనిషి కాదు. అందుకే సగమే నిజమన్నాను.

అంకెలు కావాలంటే ఉన్నాయి. 1996 నుంచి 2000 దాకా హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేల మందికి పైగా పరీక్షించిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం, కార్నియా దెబ్బతిని కనీసం ఒక కంట చూపు పోయినవాళ్లు 0.66 శాతమని తేల్చింది. అందులో 95 శాతం దాకా నివారించదగ్గదేనంది. అదే హైదరాబాదు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1991 నుంచి 2000 దాకా నిర్ధారించిన బూజు పుండ్ల రోగులు 1352 మంది. అందులో మగవాళ్లు 962, ఆడవాళ్లు 390. వరినాటు, కలుపు, ఎత్తిపోత పనుల్లో మన జిల్లాల్లో ఉన్నది ఎవరో మనకు తెలుసు. 390 అన్నది పుండు పడ్డ ఆడవాళ్ల లెక్కా, ఆసుపత్రి దాకా రాగలిగిన ఆడవాళ్ల లెక్కా? నా అనుమానం రెండోదే. సామాజికశాస్త్రం చదివినవాళ్లు కంటి జబ్బుల లెక్కల్లో వేలు పెట్టాల్సింది సరిగ్గా ఇక్కడ.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తలు కన్ను గీసుకుపోయినవాళ్లకు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు పెట్టారు. 18 గంటల లోపు వచ్చినవాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు. ఇది 2001లో అచ్చయిన విషయం. మన దగ్గర 2018లోనూ 2023లోనూ కంటివెలుగు పేరుతో ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచారు. మంచిదే. గీసుకున్న కన్ను శిబిరం తేదీ దాకా ఆగదు. ఆ ట్యూబు ఆశ కార్యకర్త సంచిలో ఉండాలి.

పేదల కన్ను పోతే గగ్గోలు పుడుతుందనుకోకండి, అది కూడా గుంపుగా పోతేనే. 2016లో హైదరాబాదు సరోజినీదేవి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ అయిన 13 మందికి కలుషితమైన ద్రావణం వల్ల ఇన్‌ఫెక్షన్ సోకితే పత్రికలు రాశాయి, విచారణ జరిగింది. ఒకే రోజు ఒకే చోట జరిగింది కాబట్టి లెక్కకు వచ్చింది. లేజర్ తర్వాత మండే కన్ను ఒక్కో ఇంట్లో ఒక్కటి. మక్క ఆకు గీసిన కన్ను ఒక్కో చేనులో ఒక్కటి. ఏడాదికి ఇన్ని చేశాం, ఇందరికి ఇలా అయింది అని బోర్డు పెట్టమని ఏ ప్రైవేటు ఆసుపత్రినీ అడిగినవాళ్లు లేరు. 2022 జులైలో ఎఫ్‌డీఏ, లాసిక్ చేయించుకునేవాళ్లకు ప్రమాదాల పట్టీ ఇచ్చి ఒక్కొక్కటీ చదివించాలని ముసాయిదా తెస్తే అక్కడి శస్త్రవైద్యుల సంఘాలు ఎదురుతిరిగాయి. ఎందుకంటే చదివినవాళ్లలో కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లిపోవడం కూడా హక్కే.

ఎల్లారెడ్డిలో మేం కొందరం కూర్చుని ఒక పేజీ తయారు చేశాం. ముందువైపు తెలుగులో ప్రశ్నలు. నా కార్నియా మందం ఎంత, చెక్కాక ఎంత మిగులుతుంది? వంపు పటం తీశారా, నాకు ఇస్తారా? ఏడాది కింద నా నంబరెంత? నా కన్నీరు పరీక్షించారా? మీరు వద్దని తిప్పి పంపినవాళ్లు ఎందరు? కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివి, ఇంకో రోజు ఒంటరిగా వచ్చి సంతకం పెట్టవచ్చా? మిగిలే మందం 250 మైక్రాన్లకు తగ్గకూడదన్నది వైద్యులు సాధారణంగా పాటించే హద్దు అని కింద రాశాం. వెనకవైపు చేలో కన్ను గీసుకుంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు. పాలు వద్దు, పసరు వద్దు, నాలుక వద్దు, పేరు తెలియని చుక్కలు వద్దు, ఆ రోజే ఆరోగ్య కేంద్రం. రెండూ ఒకే కాగితం మీద ఉండాలని పట్టుబట్టింది బీడీ సంఘంలో పనిచేసే ఒక పెద్దావిడ. “బిడ్డ ముంగట సదువుతది, తల్లి ఎనక సదువుతది” అంది.

చివరి అంశం మీద మాత్రం ఇంకా తెగలేదు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నిబంధనలు అంటాయి. మూడేళ్లు దాస్తే చాలంటాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. ఎక్టేషియా అయిదో ఏట బయటపడితే ఆమె చేతిలో ఏముంటుంది? అందుకని ఆపరేషన్‌కు ముందు తీసిన పటాలు, కొలతలు ఇంటికొచ్చే రోజే అడిగి తెచ్చుకోవాలని రాద్దామన్నాం. ఒకమ్మాయి తన రికార్డుల కోసం మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి మేం ఇద్దరం వెంట వెళ్లాం. కౌంటరులో ఉన్నాయన మమ్మల్ని చూసి, మీరు పేషెంటుకు ఏమవుతారు అని అడిగాడు. ఆ అమ్మాయి ముందుకొచ్చి, పేషెంటును నేనే, నాకే ఇయ్యండి అంది. కాగితాలు ఆ సాయంత్రం ఇచ్చారు. పటం మాత్రం ఇంకా రాలేదు, రాతపూర్వకంగా అడిగాం.